రాయకూడని పేరు

జూలై 3, బుధవారం

తప్పు: మా ఊరి చదువు గదిలో యూరియా బస్తాలు వేయించడం.
చేసినవాడు: పొట్నూరు కాసులు.

రాశాను. పన్నెండేళ్లుగా నా నోరు పలకని పేరు, నా చెయ్యి రాయని పేరు. చెయ్యేమీ పడిపోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఎలా తెలిసిందో కూడా రాసి పెట్టుకోవాలి, రేపు చల్లబడి క్షమించేయకుండా. ఈ రోజు బరంపురంలో నేను పనిచేసే ప్రెస్సుకి మా ఊరి ఎరువుల కొట్టు వైకుంఠరావు వచ్చాడు. బిల్లు పుస్తకాలు కావాలన్నాడు. కంపోజింగు నాదే. కొట్టు పేరు, ఫోను నంబరు కొట్టాను. కింద చిన్నక్షరాల్లో వెయ్యమని చీటీ ఇచ్చాడు: "గోదాము: పాత చదువు గది." ఆ "పాత" దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

"ఈ గది మీకెవరిచ్చారండీ?" అన్నాను.

"ఎవులిత్తారు? తాళం ఎవుల దగ్గరున్నాదో ఆడే. నీ నేస్తమే కదేటి. నీకు సెప్పనేదా?" అని నవ్వాడు.

బయటికొచ్చి ఫోన్ చేశాను. ద్రోహి అన్నాను. బస్తాకి అమ్ముడుపోయినవాడా అన్నాను. ప్రజల జ్ఞానం మీద ఎరువు పోశావన్నాను. రోడ్డు మీద ఆటోవాళ్లు తిరిగి చూశారు. అవతలివాడు అంతా విని, "అయిపోనాదా? అన్నం తిన్నావా?" అన్నాడు.

పెట్టేశాను. తినలేదు.

జూలై 4

పొట్నూరు కాసులు. పొట్నూరు కాసులు. చేతికి అలవాటు కావాలి.

జూలై 6, శనివారం

బస్టాండు దగ్గర పుస్తకాల బండి మీద ఒకటి కొన్నాను. "నీ మెట్టు నువ్వే ఎక్కు." వెనక అట్ట మీద రాసినాయన ఫొటో ఉంది. కోటు వేసుకుని చేతులు కట్టుకున్నాడు. బరంపురం ఎండలో ఆ కోటు ఆయన ఎలా భరిస్తాడో. ఇప్పటిదాకా నేను చదివినవన్నీ మీటింగుల దగ్గర పంచే చిన్న పుస్తకాలు. కూలి రేట్లు, మూఢనమ్మకాలు, నీటి హక్కులు. అవన్నీ లోకాన్ని మార్చమంటాయి. నన్ను మార్చుకోమన్న పుస్తకం ఇదే మొదటిది. ఏకబిగిన డెబ్బై పేజీలు చదివేశాను.

మూడో అధ్యాయం: "నిన్ను కిందికి లాగే స్నేహితుణ్ణి వదులుకో. వెలితి మూడు వారాలుంటుంది, తర్వాత ఉండదు."

కోటాయనా, నీ పుస్తకంలో స్నేహితుడు అని ఉంది. స్నేహితులు నాకు చాలామంది. నేస్తం ఒక్కడే. నీకు ఆ తేడా తెలిసినట్టు లేదు. మా ఇద్దరికీ పదకొండో ఏట వాడి అమ్మ దేముడమ్మ పూరీ నుంచి నిర్మాల్యం తెచ్చింది. స్వామి ప్రసాదం అన్నాన్ని ఎండబెట్టిన గింజలు. మా వీధి అప్పయ్య తాత మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆ గింజలు ఒకడి నోట్లో ఇంకొకడి చేత వేయించి, కొత్త తువ్వాళ్లు మార్పించాడు. నేస్తం కట్టడం అంటే అది. ఆ రోజు నుంచి వాళ్లమ్మ నాకు అమ్మే. ఇక పేరు పెట్టి పిలుచుకోకూడదు. నేను వాడికి నేస్తం, వాడు నాకు నేస్తం, అంతే. పేరు పిలిస్తే కట్టు తెగినట్టే. ఒడియావాళ్లు సంగాత అంటారు. వాళ్లకీ ఇదే నియమం.

ఇలాంటి కట్టుకి కూడా మూడు వారాలు చాలునా? నీ పుస్తకంలో లేదు.

సరే. చాలుననుకుందాం. జూలై 24కి అయిపోతుంది.

జూలై 7, ఆదివారం

రథయాత్ర. ప్రెస్సుకి సెలవు. జనంలోకి వెళ్లలేదు. పుస్తకం చదివాను. వాడు గుర్తు రాలేదు.

చదువుతుంటే మధ్యలో రెండుసార్లు తలెత్తి ఆగాను. వాడు "మళ్లీ సెప్పు" అనే చోటు అది. అలవాటు, అంతే.

వాడు ఒడియా బడిలో చదివాడు. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మేమిద్దరం నడిపిన చదువు గదిలో చదవడం నా పని, వినడం వాడి పని. వాడు ఊరికే కూర్చునేవాడు కాదు. మందు కొట్టే స్ప్రేయరు విప్పి ముందేసుకుని, వాషర్లు తుడుస్తూ వినేవాడు. నచ్చిన చోట చెయ్యి ఆగేది.

ఇది గుర్తు రావడం కాదు. వివరంగా రాస్తున్నాను.

జూలై 11, గురువారం

పుస్తకం పనిచేస్తోంది. ఒప్పుకోవాలి. కోపం వస్తే ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. ఐదింటికి లేవమంది. చేసిన తప్పుకి సాకు చెప్పొద్దంది. మూడూ చేస్తున్నాను.

పెళ్లికార్డులో పెళ్లికూతురి నాన్న పేరు తప్పు పడింది. కాగితం రాసిచ్చినవాళ్లదే తప్పు. వాళ్లు నా మీద కేకలేస్తే పద్నాలుగు దాకా లెక్కపెట్టి, "మళ్లీ వేసిస్తాం" అన్నాను. ప్రెస్సు ఓనరు సత్యారావు గారు కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. రైల్వేలో పనిచేసిన కుటుంబం ఆయనది, మాట నెమ్మది.

"ఏటి నాగరాజూ, ఒంట్లో బాగోలేదా? వారం నుంచి నీ అరుపు వినబడ్డం లేదు."

"మారానండి."

"మారితే మారావు గాని, మధ్యమధ్యలో ఒకసారి అరుస్తూండు. మెషినుకి నీ అరుపు లేకపోతే ఇంకు సరిగ్గా దిగట్లేదు."

పనివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ సంగతి సాయంత్రం వాడికి చెప్పాలనుకున్నాను. ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టేశాను.

జూలై 14, ఆదివారం

ఇంకో రెండు పుస్తకాలు కొన్నాను. ఒకదాంట్లో అభ్యాసం: "నీలో నీకు నచ్చే పది గుణాలు రాయి. ఎవరి సాయమూ తీసుకోకు."

ఒకటి, అబద్ధం ఆడను. రెండు, గొంతు బాగుంటుంది. మూడు, అన్యాయం చూస్తే నిలబడతాను. నాలుగు, దుక్కలాంటి గట్టి మాటనైనా నమిలి చెప్పగలను.

పెన్ను ఆగింది. తిరిగి చూస్తే రెండు, మూడు, నాలుగు వాడు అన్న మాటలే. నాలుగోది అచ్చంగా వాడి మాట. మొదటిది ఒక్కటే నాది, అదీ నిజం కాదు. ఏడో తేదీ చూసుకుంటే చాలు.

జూలై 17, బుధవారం

ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. వానలు, మేక, పొరుగింటి గొడవ, అన్నీ అయ్యాక చివరికి అంది:

"నీ నేస్తం సూరత్ ఎల్లిపోతన్నాడట్రా. మగ్గాల మిల్లులోకి. ఇరవై తొమ్మిదిన బరంపురంలో బండెక్కుతాడు. నీకు సెప్పినాడా?"

"చెప్పాడు" అన్నాను.

జూలై 18

సూరత్ వెళ్లినవాళ్లు రెండేళ్లకోసారి వస్తారు. కొందరు అదీ రారు.

జూలై 19, శుక్రవారం

ఏడో అధ్యాయం: "తెగిన బంధానికి ఐదు మెట్లు." చీటీ మీద రాసుకున్నాను. ఒకటి, ముందు నువ్వే వెళ్లు. రెండు, నవ్వు. మూడు, ఎదుటి మనిషి పేరు మాటల్లో కనీసం మూడుసార్లు ఆప్యాయంగా పలుకు. తనని గుర్తించావని అతనికి తెలుస్తుంది. నాలుగు, అతని స్థానంలో నిన్ను నిలబెట్టుకుని మాట్లాడు. ఐదు, ముందుకేం చేద్దామో అడుగు.

మూడో మెట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఆలోచిస్తే, పేరు పిలిస్తే బంధం తెగుతుందనడం ఒక నమ్మకం. దానికి ఆధారమేమిటి? మూఢనమ్మకాల మీద నేనే ముప్పై పుస్తకాలు చదివి వాడికి వినిపించాను. చదివినవాడు పాటించకపోతే ఆ చదువెందుకు? పైగా ఈ డైరీలో ఆ పేరు రాయలేదా, ఏమైంది?

అద్దం ముందు అభ్యాసం చేశాను. "కాసులూ." గొంతులో ఆప్యాయత రావాలి. తొమ్మిదోసారికి వచ్చింది.

జూలై 21, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను. సాకు లేకుండా.

పాత్రపూర్ దాకా బస్సు, అక్కణ్ణించి షేర్ ఆటో, ఆ తర్వాత నడక. చీటీ జేబులో ఉంది. వాళ్లింటికి చేరేసరికి పన్నెండయింది. అరుగు మీద వాడు స్ప్రేయరు విప్పి కూర్చున్నాడు. పక్కన అప్పయ్య తాత చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఎదురుగా బోరింగు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నీళ్లు కొడుతున్నారు.

"ఏటి నేస్తం, బక్కసిక్కిపోనావు. బరంపురంలో కూడెట్టరేటి?" అన్నాడు వాడు. ఏమీ జరగనట్టే. ఫోన్లో నేనన్న మాటలు ఎప్పుడో తుడిచేసినట్టే.

అక్కడే ఏడ్చేస్తే సరిపోయేది.

దేముడమ్మ లోపల్నుంచి తొంగి చూసి, "వొచ్చినావా నాయనా? కాళ్లు కడుక్కో. పకాళం ఉంది, ఎండుసేప కాల్సినాను" అంది. ఇద్దరికీ పళ్లేలు పెట్టింది. నీళ్లన్నంలో గరిటె పెట్టి వడ్డించబోతోంది.

నేను నవ్వాను. రెండో మెట్టు. "కాసులూ, నీతో మాట్లాడాలి" అన్నాను.

వాడి చేతిలో వాషరు అలాగే ఉండిపోయింది. గరిటె గాలిలో ఆగింది. బోరింగు చప్పుడు ఆగింది. ఎదుటివాడు నిశ్శబ్దంగా వింటాడని పుస్తకంలో ఉంది. పనిచేస్తోందనుకున్నాను. ఇది ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనుకున్నాను.

"నీ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో, కాసులూ. గది నీ ఒక్కడి బరువైపోయింది. నేను అర్థం చేసుకోగలను. ఇప్పుడు ముందుకేం చేద్దాం, కాసులూ?"

మూడుసార్లూ అయిపోయాయి.

అప్పయ్య తాత చుట్ట తీసి అడిగాడు. "ఎవుల్ని పిలుత్తన్నాడే ఈడు?"

దేముడమ్మ గరిటె కుండలో పెట్టేసింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"సేతులు కడుక్కోండి, నాగరాజు గారు" అంది.

భోజనం అయ్యాక అనే మాట అది. ఇంకా అన్నం వడ్డించనే లేదు.

ఆ ఇంట్లో పదేళ్లు తిన్నాను. ఆమె నన్ను నాయనా అనడం తప్ప ఇంకోలా పిలవగా వినలేదు. నేను లేచాను. వాడూ లేచి చదువు గది దాకా నాతో నడిచాడు. తాళం తీశాడు. గది నిండా బస్తాలు, కళ్లు మండే వాసన. నా పుస్తకాలేవని అడగబోయాను. వాడు దూలం వైపు చూపించాడు. చెదలు పట్టకుండా గోనెసంచిలో కట్టి వేలాడదీశాడు.

"రెండేళ్లయినాది నువ్వు ఎల్లిపోయి" అన్నాడు నెమ్మదిగా. "నెలకోపాలి వొత్తానన్నావు. వొచ్చినావా? నాను పొద్దుగూకి తలుపు తీసి కూకునేవోణ్ణి. ఆ పుత్తకాలు నాకేసి సూసేయి, నాను ఆటికేసి సూసేవోణ్ణి. నాకు అచ్చరాలొచ్చా? నువ్వు సదవకపోతే అయి కాగితాలే. మనిసి అలికిడన్నా ఉంటాదని బత్తాలెట్టించినాను."

"ఫోన్లో వినొచ్చు కదా. ఇప్పుడు అన్నీ దొరుకుతాయి."

"దొరుకుతాయి."

సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. తేనెటీగల పెంపకం మీద పల్చటి పుస్తకం. మధ్యలో ఎండిన వేపాకు.

"ఇక్కడ ఆపేసినావు. రాణీగ సచ్చిపోతే మిగతా ఈగలేటి సేత్తాయని అడిగినాను. రేపు సదువుతానన్నావు. ఆ రేపే బరంపురం ఎల్లిపోనావు."

చదువుతానని చెయ్యి చాచాను. వాడు ఆకు చెదరకుండా పుస్తకం మళ్లీ సంచిలో పెట్టేశాడు.

"మీరు బయలెల్లండి. మూడు దాటితే పాత్రపూర్‌లో బస్సు దొరకదు."

మీరు అన్నాడు.

జూలై 22

పనికి వెళ్లాను.

జూలై 23, మంగళవారం

పుస్తకం చివర ఫోను నంబరు ఉంది, "మీ సమస్య మాతో పంచుకోండి" అని. పంచుకున్నాను. నేస్తం, నిర్మాల్యం, పేరు, అన్నీ రాసి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబొచ్చింది. నా సందేశం చాలా విలువైనదట. విశాఖలో రెండు రోజుల శిబిరం ఉందట. ముందుగా నమోదు చేసుకుంటే టిఫిను ఉచితమట.

గోడకేసి కొట్టాను. పుస్తకాన్ని. తర్వాత వెళ్లి తీశాను. అట్ట ఊడింది. కోటాయన చేతులు కట్టుకునే ఉన్నాడు.

ఆయన తప్పేముంది? ఆయన అందరికీ రాశాడు. వాడికీ నాకూ మధ్య ఏముందో ఆయన్ని అడగడమే నా తప్పు. అది అడగాల్సిన మనిషి అరుగు మీద చుట్ట కాలుస్తూ ఉన్నాడు, ఆయన్ని ఒక్క మాటా అడగలేదు.

జూలై 24, బుధవారం

మూడు వారాలు ఈ రోజుతో అయ్యాయి. వెలితి పోలేదు.

అమ్మకి ఫోన్ చేశాను. నేను ఏమీ చెప్పకముందే అంది. "ఊరంతా తెలిసిపోనాది. బోరింగు కాడ ఇన్నోల్లు ఊరుకుంటారేటి?"

"అమ్మా, తెగిన నేస్తం మళ్లీ కడతారా?"

"నాకేటి తెలుత్తాది? ఉండు, తాతకిత్తాను."

అప్పయ్య తాత ఫోను పట్టుకుని ముందు దగ్గాడు. తర్వాత అడిగాడు.

"ఏరా, పేరెట్టి పిలమని ఎవులు సెప్పినారు నీకు?"

"పుస్తకం తాతా."

"పుత్తకానికి నేత్తముందేటి?"

ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టాను. కోపం కాదు, ఏడుపు ఆపుకోవడానికి. దానికీ పనిచేస్తుంది. ఆ ఒక్కటి మాత్రం ఉంచుకుంటాను.

"కట్టొచ్చురా" అన్నాడు తాత. "ఒకపాలి మా కాలంలో కట్టినారు. కాని సాటుగా కాదు. పేరు ఎంతమంది ఇన్నారో అంతమందీ రావాల. తెంచినోడు ఆలందరి ముందరా తప్పైనాదని సెప్పాల. తువ్వాళ్లు మార్సాల, గింజలు తినిపించాల. రెండోవోడు నోరు తెరిత్తే కట్టినట్టు. తెరవకపోతే ఇంటికెల్లిపోడమే."

"తెరుస్తాడా తాతా?"

"నానేటి రాణీగనేటి, అన్నీ సెప్పడానికి?"

అంటే ఊళ్లో ఆ సంగతీ తెలుసు. రెండేళ్లు వాడు అందరినీ అడుగుతూనే ఉన్నాడన్నమాట.

మూడు పుస్తకాల్లోనూ వెతికాను. నలుగురిని పిలవమని ఎక్కడా లేదు. అన్నీ నువ్వే, నీకు నువ్వే, నీలో నువ్వే.

జూలై 26, శుక్రవారం

సత్యారావు గారిని రేపు మధ్యాహ్నం నుంచి సెలవు అడిగాను. ఎందుకన్నారు. చెప్పాను. ఆయన ఇంటికి ఫోన్ చేశారు. గంటలో వాళ్లమ్మాయి వచ్చి చిన్న ఎర్రగుడ్డ మూట ఇచ్చి వెళ్లింది. నిర్మాల్యం.

"మా నాన్నకీ ఒక సంగాత ఉండేవాడు, రైలు గార్డు" అన్నారు సత్యారావు గారు. "ఆయన పేరేటో మాకెవరికీ తెలీదు. పోయినాక పేపర్లో వెయ్యాలంటే వాళ్లింటికెళ్లి అడగాల్సొచ్చింది."

కరపత్రం వేసుకుంటానంటే మెషిను ఇచ్చారు. పెళ్లికార్డుల్లో మిగిలిన పసుపు కాగితం వాడుకోమన్నారు. మాటలు తెలుగువే రాశాను. అక్షరాలు మాత్రం ఒడియావి వేశాను. ఎవరూ చదివి పెట్టకుండా వాడే చదువుకోవాలి. నలభై కాపీలు తీశాను. చదువు గదికి పోగేసిన అన్ని పుస్తకాల్లోనూ వాడు తనంతట చదవగలిగింది ఒక్కటీ లేదు. ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. మొదటి పేజీ మొదటి మాటల్లోనే వాడి పేరు. ఎక్కడ కనబడితే అక్కడ ఒక గీత కొట్టాను. ఒక్క గీతే. కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. కనబడనీ, నేను రాసినవే.

కొత్త తువ్వాలు కొన్నాను. నీలం రంగుది.

జూలై 27, శనివారం

బస్సుకి ఇంకా అరగంట ఉంది. కరపత్రం ఇక్కడ తెలుగులో రాసి పెట్టుకుంటున్నాను. సాయంత్రానికి ఇంటింటికీ నేనే ఇస్తాను. మొదటి కాపీ అరుగు మీద, స్ప్రేయరు పక్కన పెట్టి వచ్చేస్తాను.

"ఊరి పెద్దలకీ, బోరింగు దగ్గర ఆ రోజు విన్న ఇద్దరు అక్కలకీ, అప్పయ్య తాతకీ, దేముడమ్మకీ.

తప్పు: పిలవకూడని పేరు మూడుసార్లు పిలవడం. అంతకుముందు, రేపు చదువుతానని చెప్పి రెండేళ్లు రాకపోవడం.
చేసినవాడు: నాగరాజు.

మీ అందరి ముందూ ఒప్పుకుంటాను. తువ్వాలు, గింజలు నేను తెస్తాను. నోరు తెరవడం, తెరవకపోవడం నా నేస్తం ఇష్టం. తెరవకపోయినా, ఆకు పెట్టిన పేజీ నుంచి పుస్తకం చివరిదాకా చదివే వెళ్తాను. రాణి ఈగ చచ్చిపోతే మిగతా ఈగలు ఏం చేస్తాయో తెలుసుకోవాలనుకున్నవాళ్లు అందరూ రండి. కూర్చోవడానికి బస్తాలున్నాయి.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు, చదువు గది దగ్గర."